మంగోలియాలో కజకుల సీమ: బాయన్ ఒల్గీ ఎలా ఏర్పడింది?

మంగోలియా పటంలో పడమటి కొసన, రష్యా, చైనా రెండూ వచ్చి తాకే మూలలో బాయన్ ఒల్గీ అనే ఐమగ్ ఉంది. ఐమగ్ అంటే అక్కడి పాలనా విభాగం. మన రాష్ట్రానికీ జిల్లాకూ మధ్యస్థంగా ఉంటుంది. దేశం మొత్తంలో ఇలాంటివి 21 ఉన్నాయి. మిగతా ఇరవైకీ దీనికీ మధ్య కొట్టొచ్చినట్టు కనిపించే తేడా ఒకటుంది. ఇక్కడ పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది మంగోలులు కారు, కజకులు. ఇళ్లలో, అంగళ్లలో, స్థానిక కార్యాలయాల్లో ఎక్కువగా వినిపించేది కజక్ భాష. బౌద్ధం పాతుకుపోయిన దేశంలో అత్యధికులు ముస్లింలుగా ఉన్న ఐమగ్ ఇదొక్కటే.

ఇది ఎలా జరిగిందని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. కజకిస్థాన్ పక్కనే ఉంది కాబట్టి అన్నది మొదటిది. సోవియట్ కాలంలో ఎవరో తెచ్చి స్థిరపరిచారన్నది రెండోది. రెండూ తప్పే. మంగోలియాకూ కజకిస్థాన్‌కూ అసలు ఉమ్మడి సరిహద్దే లేదు. రెండు దేశాల కొసల మధ్య 40 కిలోమీటర్ల దూరం కూడా ఉండదు కానీ, ఆ కొద్దిపాటి సందులో రష్యా, చైనా ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. బాయన్ ఒల్గీ నుంచి రోడ్డు మార్గాన కజకిస్థాన్ వెళ్లాలంటే రష్యా నేలో చైనా నేలో తొక్కాల్సిందే. ఇక సోవియట్ల సంగతి: వాళ్ల రాజ్యం పుట్టడానికి అర్ధశతాబ్దం ముందే కజకులు ఇక్కడ మందలు మేపుకుంటున్నారు.

అసలు జవాబు గడ్డిలో ఉంది. ఇక్కడి మనుషులు గడ్డి వెంట నడిచారు. రాజ్యాలు తర్వాత వచ్చి, వాళ్లు నడిచిన బయళ్ల మీదుగా గీతలు గీశాయి. ఈ ప్రాంతపు చరిత్రలో, ఆచారాల్లో మనకు వింతగా తోచే విషయాలు చాలావరకు ఈ ఒక్క వరసను పట్టుకుంటే అర్థమవుతాయన్నది నా నమ్మకం. అందుకే మొదట నేల గురించి చెప్పాలి.

మూడు దిక్కులకు పారే మంచు

బాయన్ ఒల్గీ విస్తీర్ణం సుమారు 45,700 చదరపు కిలోమీటర్లు. కేరళ కంటే పెద్దది. జనాభా మాత్రం లక్ష దాటి కొంచెం. ముఖ్యపట్టణం ఒల్గీ, ఖోవ్ద్ నది ఒడ్డున, సముద్రమట్టానికి 1,700 మీటర్ల ఎత్తులో ఉంది. మన దగ్గర ఆ ఎత్తంటే కొండ శిఖరం కిందే లెక్క, అక్కడ అది లోయ.

పడమట ఆల్తాయ్ పర్వతాలు గోడ కట్టినట్టు నిలబడతాయి. ఆ గోడలో అన్నిటికన్నా ఎత్తయిన భాగం తవన్ బోగ్ద్ అనే పంచశిఖరాల సముదాయం. అందులో హుయితెన్ శిఖరం 4,374 మీటర్లు, మంగోలియా మొత్తానికి అదే ఎత్తు. దాని ఒడిలోంచి దిగే పొతానిన్ హిమానీనదం 14 కిలోమీటర్ల దాకా పొడవుంటుంది. దేశంలో అంతకంటే పొడవైనది లేదు.

ఈ మంచు ఎటు కరిగితే ఏ నీరవుతుందో చూడండి. చైనా వైపు కరిగితే కనాస్ సరస్సులోకి, అక్కడి నుంచి ఇర్తిష్ నదిలోకి, చివరకు ఆర్కిటిక్ మహాసముద్రంలోకి పోతుంది. రష్యా వైపు కరిగినదీ ఓబ్ నదిలో కలిసి ఆ సముద్రానికే చేరుతుంది. మంగోలియా వైపు కరిగితే ఖోతన్, ఖుర్గన్ సరస్సుల మీదుగానో పక్క వాగుల్లోంచో ఖోవ్ద్ నదిలో చేరి, 500 కిలోమీటర్లు నడిచి, పక్క ఐమగ్‌లోని హర్ ఉస్ సరస్సు దగ్గర ఆగిపోతుంది. పడమటి మంగోలియా నీటికి సముద్రం లేదు. అది సరస్సుల్లో చేరి ఆవిరై పోవలసిందే.

వాన మబ్బులు పడమటి నుంచి వస్తాయి. ఆ గోడ దాటేలోపే వాటి తడి చాలామటుకు రాలిపోతుంది. గోడకు తూర్పున, వాననీడలో ఉన్న ఒల్గీ పట్టణంలో ఏడాది మొత్తానికి కురిసేది నూరు మిల్లీమీటర్ల పైచిలుకే. మన దగ్గర జూలైలో ఒక ముసురు రెండు రోజుల్లో ఇచ్చే వాన అది. పైరు పెట్టుకుని బతకడానికి అది చాలదు. చెట్లు కూడా దూరపు పడమటి లోయల్లో లార్చ్ అడవులుగా తప్ప కనిపించవు. అందుకే పొయ్యిలో కట్టెల కంటే పిడకలదే ఎక్కువ వంతు. కానీ ఎత్తు పెరిగే కొద్దీ తడి పెరుగుతుంది. హిమానీనదాల కింద వేసవిలో రెండు మూడు నెలల పాటు చిక్కటి పచ్చిక లేస్తుంది. కింద గడ్డి పలచన, పైన చిక్కన. పైన ఉండగలిగేది కొద్దికాలమే. బతుకు ఈ లెక్క చుట్టూ తిరుగుతుంది.

ఏడాదికి నాలుగు ఇళ్లు

కజక్ పశుపోషక కుటుంబానికి ఏడాదిలో నాలుగు నెలవులుంటాయి: చలికాలానికి ఖిస్తౌ, వసంతానికి కొక్తెయు, వేసవికి జైలౌ, శరత్తుకు కుజెయు. ఒక నెలవు నుంచి ఇంకో నెలవుకు దూరం కొందరికి పది ఇరవై కిలోమీటర్లయితే, కొందరికి వందకు పైగా ఉంటుంది. ఇది దిక్కు తోచని దేశదిమ్మరితనం కాదు. ఏ కుటుంబం ఏ ఖిస్తౌకు చేరాలో అందరికీ తెలుసు, వేరొకరి ఖిస్తౌ గడ్డిని వేసవిలో మేపడం పెద్ద తప్పు.

చలికాలపు నెలవు లోయ అడుగున ఉంటుందనుకుంటాం. ఉండదు. బరువైన చల్లగాలి లోయలోకి దిగి గడ్డకట్టినట్టు కూర్చుంటుంది. కొండ వాలు కొంచెం పైన, దక్షిణానికి ముఖం పెట్టిన చోటు అంతకంటే వెచ్చగా ఉంటుంది. పైగా అక్కడ గాలి మంచును ఊడ్చేస్తుంది, కింద ఎండిన గడ్డి బయటపడుతుంది. గొర్రెలు ఆ ఎండుగడ్డిని గీరుకుని తింటాయి. ఖిస్తౌలో మట్టి ఇటుకలతోనో మొద్దులతోనో కట్టిన చిన్న ఇల్లు, దాన్ని ఆనుకుని రాతి గోడల దొడ్డి ఉంటాయి. దొడ్డి నేల మీద ఏళ్ల తరబడి పేరుకున్న పేడ మందపాటి పరుపులా మారి జీవాలకు అడుగు నుంచి వెచ్చదనమిస్తుంది. పాత దొడ్డికి విలువ అక్కడే ఉంది. కొత్తగా కట్టిన దొడ్డిలో గోడలుంటాయి కానీ ఆ పరుపు ఉండదు.

వసంతంలో గొర్రెలు, మేకలు ఈనుతాయి. మేకల ఒంటి మీద ముతక వెంట్రుకల కింద చలికాలమంతా పెరిగిన మెత్తటి బొచ్చును ఇనుప దువ్వెనలతో దువ్వి తీస్తారు. ప్రపంచమంతా కాశ్మీర్ ఉన్ని పేరుతో కొనుక్కునేది ఇదే. జూన్‌లో జైలౌకు బయలుదేరతారు. అక్కడ పాల పని రోజంతా సాగుతుంది. పెరుగును వడగట్టి, పిడికిళ్లతో గడ్డలు చేసి, గుడారపు కప్పు మీద ఎండబెట్టి కుర్త్ తయారు చేస్తారు. రాయిలా గట్టిగా, పుల్లగా ఉండే ఆ గడ్డలు చలికాలంలో ప్రయాణంలో నోట్లో వేసుకుని చప్పరించడానికి పనికొస్తాయి. గుర్రప్పాలను పులియబెట్టి కుమిస్ చేస్తారు. ఉన్నిని తడిపి, చుట్టి, తొక్కి, గట్టిపరచి గుడారపు పొరలు, తివాచీలు చేస్తారు. శరత్తులో దిగివచ్చి ఎండుగడ్డి కోసుకుంటారు. నవంబరు, డిసెంబరుల్లో గడ్డకట్టే చలి మొదలయ్యాక సొగిమ్ జరుగుతుంది. చలికాలానికి సరిపడా గుర్రాన్నో ఎద్దునో కోసి మాంసం నిల్వ చేసుకుంటారు. కజీ అనే గుర్రపు మాంసపు సాసేజ్ అప్పుడే చేస్తారు. అప్పటికి మేత తగ్గిపోతుంది, మంద బక్కచిక్కకముందే కోయాలి. బయటి చలే నిల్వ గదిగా పనికొస్తుంది.

వేసవిలో ఉండే గుడారం మంగోలుల గేర్‌కు చుట్టమే గానీ అచ్చం అదే కాదు. మంగోల్ గేర్‌లో కప్పు కర్రలు వంపు లేకుండా తిన్నగా ఉంటాయి, మధ్యలో రెండు స్తంభాలు పైకప్పు చక్రాన్ని మోస్తాయి. కజక్ గుడారంలో కప్పు కర్రలు గోడను కలిసేచోట వంపు తిరుగుతాయి. అందుకే అది మరింత ఎత్తుగా, విశాలంగా ఉంటుంది, మామూలుగా మధ్య స్తంభాలు అవసరం రావు. వేసవి ఒక్కదానికే కట్టుకునేది కాబట్టి అంత పెద్దది కట్టగలిగారు. చలికాలానికి మట్టి ఇల్లుంది. మంగోల్ కుటుంబం ఏడాది పొడవునా గేర్‌లోనే ఉండాలి, వేడిని నిలబెట్టుకోవాలంటే అది పొట్టిగా, బిగుతుగా ఉండాల్సిందే.

గుడారం లోపల గోడల చుట్టూ తుస్ కియిజ్ అనే కుట్టుపని తెరలు వేలాడతాయి. నల్లటి, ఎర్రటి బట్ట మీద గొలుసు కుట్టుతో కొమ్ముల ఆకారాలు, పువ్వులు కుడతారు. మూడు వైపులా దట్టమైన అంచు ఉంటుంది, కింది వైపు మాత్రం చాలాసార్లు పూర్తికాకుండా వదిలేసి ఉంటుంది. కొన్నింటి మీద కుట్టిన ఏడాది కూడా కనిపిస్తుంది. పెళ్లికూతురికి తల్లి ఇచ్చేవాటిలో ఇదొకటి. గాలిని ఆపడానికి మొదలైన వస్తువు, కుటుంబపు వరసను గుర్తుపెట్టుకునే వస్తువుగా మారింది. సందర్శకులకు పాత తెరలను కోసి సంచులుగా కుట్టి అమ్మడం ఇప్పుడు ఒల్గీలో మామూలైపోయింది. అమ్మేవాళ్ల అవసరం నాకు అర్థమవుతుంది. అయినా ఒక ఇంటి రెండు మూడేళ్ల చేతిపని ముక్కలు కావడం చూస్తే మనసు కలుక్కుమంటుంది.

గీతలు ఎలా పడ్డాయి

పద్దెనిమిదో శతాబ్దం నడుమ దాకా ఆల్తాయ్‌కు ఇరువైపులా పెత్తనం పశ్చిమ మంగోలులదైన జుంగార్ రాజ్యానిది. 1755 నుంచి కొన్నేళ్లలో చైనాను ఏలే చింగ్ వంశం దాన్ని నామరూపాల్లేకుండా చేసింది. కత్తికి బలైనవాళ్లు కొందరు, మశూచికి బలైనవాళ్లు కొందరు. మిగిలినవాళ్లు చెదిరిపోయారు. విశాలమైన బయళ్లు ఖాళీ అయ్యాయి.

పశుపోషకుల లోకంలో ఖాళీ బయలు ఎక్కువకాలం ఖాళీగా ఉండదు. పడమటి నుంచి కజకులు, ముఖ్యంగా మధ్య జూజ్ అనే పెద్ద తెగల కూటమిలోని కెరెయ్, నైమన్ తెగలవారు, ఆల్తాయ్ దక్షిణపు వాలులోకి వచ్చారు. పడమట రష్యా సామ్రాజ్యం స్టెప్ మైదానాన్ని కోటలతో చుట్టుముడుతూ రావడం కూడా వాళ్లను తూర్పుకు నెట్టింది. పందొమ్మిదో శతాబ్దం నడిమికల్లా కెరెయ్ కుటుంబాలు కనుమలు దాటి ఉత్తరపు వాలులోకి, అంటే ఇప్పటి బాయన్ ఒల్గీలోకి దిగసాగాయి. అక్కడ అప్పటికే ఉరియంఖాయ్ మంగోలులు, తువా జనం ఉన్నారు. వేసవికి ఒక వాలు, చలికాలానికి ఇంకో వాలు అన్న పద్ధతిలో బతికేవాళ్లకు పర్వతం హద్దు కాదు, ఇంటి నడిమి గోడ.

1864లో రష్యా, చింగ్ ప్రభుత్వాలు చుగుచక్ పట్టణంలో ఒప్పందం మీద సంతకాలు చేసి సరిహద్దు గీశాయి. ఏ నేల ఎవరి వంతుకు వస్తే ఆ నేల మీది జనమూ వాళ్ల ప్రజలేనన్నారు. 1911లో చింగ్ వంశం కూలి, మంగోలియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక ఆల్తాయ్ శిఖరాల వెంబడి ఇంకో గీత పడింది. దక్షిణపు వాలు చైనాలోని షిన్‌జియాంగ్ వైపు, ఉత్తరపు వాలు మంగోలియా వైపు వెళ్లాయి. 1921లో రష్యా అంతర్యుద్ధంలో బోల్షెవిక్‌లను ఎదిరించిన శ్వేత రష్యన్ సేనలు ఒక పక్క, బోల్షెవిక్‌ల ఎర్ర సేనలు, వాళ్లతో కలిసిన మంగోలులు ఇంకో పక్క, ఇక్కడి టోల్బో సరస్సు ఒడ్డున యుద్ధం చేశారు. ఎర్ర సేనలు నిలిచాయి. మంగోలియా సోషలిస్టు దేశమైంది. గీత పడిన రోజున ఎవరి మంద ఏ వాలు మీద ఉంటే వాళ్లు ఆ దేశస్థులయ్యారు. ఒకే తెగ, కొన్నిచోట్ల ఒకే కుటుంబం, మూడు దేశాల పాలయింది.

చైనా వైపు పడ్డవాళ్ల గతిని మన ఉపఖండం కూడా చూసింది. 1940ల, 1950ల మొదట్లో షిన్‌జియాంగ్‌లో అణచివేత, తిరుగుబాట్లు చెలరేగినప్పుడు కజక్ గుంపులు మందలతో సహా టిబెట్ పీఠభూమి మీదుగా పారిపోయి కశ్మీర్ చేరాయి. దారిలో వందల మంది, చాలామటుకు పశువులు చనిపోయాయి. బతికినవాళ్లలో ఎక్కువమంది చివరకు తుర్కియేలో స్థిరపడ్డారు. చైనా వైపు కజక్ తిరుగుబాటు నాయకుడు ఒస్మాన్ బాతిర్‌ను 1951లో ఉరుంచిలో చంపేశారు.

మంగోలియా ప్రభుత్వం వేరే దారి పట్టింది. 1940లో పడమటి భూభాగాన్ని విడదీసి కజకులకు, వాళ్లతోపాటు ఉన్న ఉరియంఖాయ్‌లకు బాయన్ ఒల్గీ ఐమగ్ ఏర్పాటు చేసింది. కజక్ భాషలో బడులు, పత్రిక, నాటకశాల వచ్చాయి. దీన్ని ఔదార్యంగా మాత్రమే చూడకూడదు. అంతకు రెండు మూడేళ్ల ముందే, 1930ల చివరి ప్రక్షాళనలో, దేశమంతటా లామాలను కాల్చి చంపినట్టే ఇక్కడ ముల్లాలను, తెగ పెద్దలను కూడా చంపారు. భాష ఇచ్చారు, మతాన్ని, పాత నాయకత్వాన్ని తుడిచేశారు. 1950ల చివరికి మందలన్నీ నెగ్దెల్ అనే సహకార సంఘాల కిందికి వెళ్లాయి. అయినా నెగ్దెల్ పశువుల కాపరిని కదలనిచ్చింది. సంఘపు మందే అయినా ఖిస్తౌ నుంచి జైలౌకు పోవలసిందే కదా.

సోవియట్ కజకిస్థాన్‌లో అలా జరగలేదు. అక్కడ 1930ల మొదట్లో బలవంతంగా జనాన్ని ఒకచోట కూర్చోబెట్టి, మందలు లాక్కున్నారు. 1930 నుంచి 1933 దాకా సాగిన కరువులో సుమారు 15 లక్షల మంది చనిపోయారు. అత్యధికులు కజకులే. సంచార జీవనం దాదాపు ఒక్క తరంలో విరిగిపోయింది. బాయన్ ఒల్గీలో పాత కజక్ పద్ధతులు ఇంతగా ఎందుకు నిలిచాయన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. కొండ మూల కాబట్టి కాలం ఆగిపోయిందని పర్యాటక పత్రికలు రాస్తుంటాయి. కాలం ఎక్కడా ఆగలేదు. పక్కింట విరిగింది, ఇక్కడ విరగలేదు.

పిలుపు వచ్చినప్పుడు

1990లో మంగోలియాలో సోషలిస్టు వ్యవస్థ కూలింది. నెగ్దెల్‌లు రద్దయ్యాయి, జీతాలు ఆగాయి, కర్మాగారాలు మూతబడ్డాయి. మరుసటి ఏడాది చివర కజకిస్థాన్ స్వతంత్ర దేశమైంది. 1989 జనగణన ప్రకారం కజకులు తమ సొంత గణతంత్రంలోనే నూటికి 40 మంది మాత్రమే. ఆ సంఖ్య పెంచుకోవాలన్న పట్టుదలతో కొత్త ప్రభుత్వం విదేశాల్లోని కజకులను రమ్మని పిలిచింది. ముందుగా కదిలినవాళ్లు మంగోలియా కజకులే. కొద్ది ఏళ్లలో 60 వేల మంది దాకా వెళ్లిపోయారు. మంగోలియా మొత్తంలో కజకుల సంఖ్య 1989లో 1,20,000 దాకా ఉంటే, మధ్యలో పిల్లలు పుడుతూనే ఉన్నా 2000 నాటికి 1,03,000కు దిగింది.

అక్కడికి వెళ్లాక వాళ్లకు ఎదురైన చిక్కు చాలా లోతైనది. వీళ్లకు చక్కటి కజక్ వచ్చు, రష్యన్ రాదు. కజకిస్థాన్ నగరాల్లో ఉద్యోగానికి, ఆసుపత్రిలో, కార్యాలయంలో నడిచేది రష్యన్. భాషను కాపాడుకున్నందుకు పిలిచారు, ఆ భాష ఒక్కటే వచ్చినందుకు పక్కన పెట్టారు. ఒరల్‌మన్ అని వాళ్లను పిలిచిన ముద్రలో చిన్నచూపు చేరిపోవడంతో, ఇటీవలి ఏళ్లలో చట్టంలో దాని స్థానంలో కందాస్ అనే మాట తెచ్చారు. వెళ్లినవాళ్లలో చాలామంది నిలదొక్కుకున్నారు. వేలమంది తిరిగి వచ్చారు. చాలా ఇళ్లలో ఇప్పుడు అన్న అల్మాటీలో, తమ్ముడు ఒల్గీలో. పెళ్లిళ్లకు, చావులకు రష్యా మీదుగా రాకపోకలు.

లిపుల సంగతి ఇంకా చిక్కు. బాయన్ ఒల్గీ కజకులు సిరిలిక్ లిపిలో రాస్తారు. పర్వతం అవతల, చైనాలోని కజకులు అరబ్బీ లిపిలో రాస్తారు. కజకిస్థాన్ లాటిన్ లిపికి మారాలని నిర్ణయించి ఆచితూచి అడుగులేస్తోంది. దానికి తోడు మంగోలియాలో 2025 నుంచి ప్రభుత్వ పత్రాల్లో సిరిలిక్‌తోపాటు నిలువుగా రాసే పాత మంగోల్ లిపి కూడా వాడాలన్నది చట్టం. ఒల్గీలోని బడి పిల్లవాడి ముందు కజక్, మంగోల్, ఇంగ్లిష్, వీలైతే రష్యన్ ఉన్నాయి. రాజధాని ఉలాన్‌బాతర్‌లో చదువుకు, ఉద్యోగానికి మంగోల్ బాగా రావాలి. అది సరిగా రాక వెనకబడుతున్నామన్న బాధ ఇక్కడి యువతలో ఉంది. మాతృభాషలో చదువుకునే హక్కు, దేశభాషలో నెగ్గుకొచ్చే అవసరం, రెండూ నిజమే. ఒకదాన్ని బూచిగా చూపి ఇంకోదాన్ని కొట్టేసేవాళ్లు ఆ పిల్లవాడికి మేలు చేయరు.

గద్ద, గుర్రం, ఏడు తరాలు

బాయన్ ఒల్గీ పేరు బయట వినిపించేది ఎక్కువగా డేగవేట వల్ల. ఇక్కడ వేటకు వాడేది గోల్డెన్ ఈగిల్ అనే పెద్ద గద్ద. వేటగాడిని బుర్కిత్‌షి అంటారు. ఆడ గద్దనే పెంచుతారు, మగదానికంటే అది పెద్దది, బలమైనది. ఆరేడు కిలోల దాకా తూగుతుంది. గుర్రం మీద స్వారీ చేస్తూ అంత బరువును చేతి మీద గంటల తరబడి మోయడం ఎవరి తరమూ కాదు. అందుకే జీనుకు పంగల కర్ర ఒకటి కడతారు, పేరు బల్దక్. మందపాటి తోలు తొడుగు వేసుకున్న కుడి చేయి దాని మీద ఆనుతుంది. గద్ద కళ్లకు తొమగా అనే తోలు టోపీ ఉంటుంది. టోపీ తీసేదాకా అది కదలకుండా కూర్చుంటుంది. కొండ కొమ్మున నిలబడి, కింద తోటి వేటగాడు నక్కను పొదల్లోంచి లేపగానే టోపీ తీస్తారు. ఆ తర్వాత అంతా గద్ద పనే.

వేట చలికాలంలోనే. మంచు మీద నక్క అడుగులు తెలుస్తాయి, బొచ్చు కూడా అప్పుడే దట్టంగా ఉంటుంది. ఆ బొచ్చుతో తిమక్ అనే టోపీ కుడతారు. చలికాలంలో పాల పని ఉండదు, గడ్డి కోత ఉండదు, మగవాడికి తీరిక దొరుకుతుంది. అంటే గద్ద కూడా ఆ నాలుగు నెలవుల లెక్కలోనే ఇమిడింది. కొన్నేళ్లు వేటాడించాక, వసంతంలో ఒక రోజు దూరపు కొండకు తీసుకెళ్లి, గొర్రె మాంసం పెట్టి వదిలేస్తారు. అది అడవిలో జతకట్టి పిల్లలు పెట్టాలి కదా. ప్రపంచంలో డేగవేటను యునెస్కో 2010లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు మంగోలియా కూడా ఆ దేశాల్లో ఉంది.

పాతికేళ్లుగా ఏటా అక్టోబరు మొదట్లో ఒల్గీ దగ్గర గద్దల ఉత్సవం జరుగుతోంది. కొండ మీంచి వదిలిన గద్ద యజమాని చేతి మీద ఎంత త్వరగా వాలుతుందో చూస్తారు. గుర్రం వెనక ఈడ్చే నక్క తోలును పట్టుకోగలదా అని చూస్తారు. గుర్రాల మీంచి మేకతోలు లాక్కునే పోటీలు, పరుగెత్తే గుర్రం మీంచి వంగి నేల మీది నాణెం అందుకునే పోటీలు కూడా ఉంటాయి. 2014లో 13 ఏళ్ల అమ్మాయి ఈ ఉత్సవంలో గెలిచాక ప్రపంచపు కళ్లు ఇటు తిరిగాయి. ఉత్సవం వల్ల డబ్బు వస్తోంది, యువకులు గద్ద పట్టడం నేర్చుకుంటున్నారు. ఇది మంచిదే. కానీ ఫొటోల కోసమే గద్దను పెంచి, చలికాలంలో వేటకు తీసుకుపోనివాళ్లూ ఉన్నారు. మంచులో నక్క జాడ పట్టే నేర్పు ఉత్సవ మైదానంలో అబ్బదు. నా దృష్టిలో కాపాడుకోవలసింది ఆ నేర్పును.

తెలుగు పాఠకుడు ఆగి చూడవలసిన ఆచారం మరొకటుంది. కజకుల్లో తండ్రి వైపు ఏడు తరాల లోపు బంధుత్వం ఉంటే పెళ్లి నిషిద్ధం. పిల్లలకు చిన్నప్పుడే ఏడుగురు పూర్వీకుల పేర్లు కంఠస్థం చేయిస్తారు. మేనరికాన్ని తరతరాలుగా మెచ్చుకున్న మన సమాజానికి ఇది పూర్తిగా ఎదురు దిక్కు. వ్యవసాయ కుటుంబం మేనరికంతో పొలాన్ని, సంబంధాన్ని దగ్గరగా ఉంచుకుంది. పశుపోషకుడికి కావలసింది దూరపు చుట్టం. తన లోయలో గడ్డి మాడిపోయిన ఏడాది మందను తోలుకుని ఇంకో లోయకు వెళ్లాలంటే అక్కడ వియ్యంకుడు ఉండాలి. ఆచారానికి ఇదొక్కటే కారణమని అనను కానీ, గడ్డి లెక్కకు అది ఎంత చక్కగా అమరిందో కాదనలేం.

ఈ సీమ కజకులది మాత్రమే కాదు. త్సెంగెల్ సుమ్‌లో (సుమ్ అంటే ఐమగ్‌లోని చిన్న పాలనా విభాగం) తువా భాష మాట్లాడే చిన్న జనసమూహం ఉంది. ఉరియంఖాయ్‌లు వాయించే త్సూర్ అనే నిలువు పిల్లనగ్రోవిలో, వేణువు స్వరంతోపాటు వాయించేవాడి గొంతులోంచి సన్నటి మంద్ర నాదం కూడా కలిసి వస్తుంది. 2009లో యునెస్కో దాన్ని తక్షణం కాపాడవలసిన కళల జాబితాలో పెట్టింది. ఐమగ్‌లో మైనారిటీ కజకులు కారు, వీళ్లు. దేశంలో అల్పసంఖ్యాకుల గురించి మాట్లాడేటప్పుడు ఈ మెట్టు కూడా గుర్తుంచుకోవాలి.

రాళ్ల మీది లెక్క

మనుషులు ఇక్కడ గడ్డిని బట్టి మారుతూ వచ్చారనడానికి అన్నిటికన్నా పాత సాక్ష్యం రాళ్ల మీదే ఉంది. త్సగాన్ సలా, బగా ఓయిగోర్ లోయల్లో, త్సగాన్ గోల్ ఎగువన, అరల్ తొల్గోయ్ దగ్గర వేల సంఖ్యలో చెక్కుడు బొమ్మలున్నాయి. 2011లో ఇవి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. పన్నెండు వేల ఏళ్ల వరసను అవి చూపిస్తాయి. అన్నిటికన్నా పాత బొమ్మల్లో అడవి ఎద్దులు, కణుజులు లాంటి పెద్ద మృగాలు ఉన్నాయి, అప్పుడిక్కడ అడవులుండేవి. తర్వాతి పొరల్లో పశువుల మందలు, చక్రాల బళ్లు వస్తాయి. క్రీస్తు పూర్వం మొదటి సహస్రాబ్దికల్లా గుర్రపు రౌతులు వస్తారు. వాతావరణం పొడిబారే కొద్దీ వేటగాడు కాపరి అయ్యాడు, కాపరి గుర్రమెక్కాడు. 2006లో ఈ ఐమగ్‌లోనే ఎన్నడూ కరగని మంచు నేలలోని సమాధిలో, 2,300 ఏళ్లకు పైబడిన యోధుడి శవం బొచ్చు కోటుతో సహా బయటపడింది. నేల గడ్డకట్టి ఉండబట్టే అది నిలిచింది.

ఆ మంచే ఇప్పుడు తగ్గుతోంది. మంగోలియా ప్రపంచ సగటు కంటే వేగంగా వేడెక్కుతున్న దేశం. పొతానిన్ హిమానీనదం వెనక్కి జరుగుతోంది, పలచబడుతోంది. మొదట్లో ఖోవ్ద్ నదిలో నీరు పెరిగినట్టు కనిపిస్తుంది, కొన్ని దశాబ్దాల్లో తగ్గుతుంది. జైలౌ పచ్చిక, దిగువన కాలువలు తవ్వి తడుపుకునే ఎండుగడ్డి మడులు, రెండూ ఆ నీటి మీదే ఆధారపడ్డాయి.

రెండో దెబ్బ జుద్. ఎండాకాలం గడ్డి సరిగా మొలవక, ఆపై చలికాలం మంచు మందంగా పడో, కరిగి మళ్లీ గడ్డకట్టో పశువు మూతికి గడ్డి అందకపోవడమే జుద్. 2009-10 చలికాలంలో దేశమంతటా 80 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. 2023-24లో మళ్లీ లక్షల్లో పోయాయి. మూడో ఒత్తిడి మనుషులు తెచ్చుకున్నది. కాశ్మీర్ ఉన్ని ఒక్కటే చేతికి నగదు ఇస్తుంది కాబట్టి 1990ల తర్వాత మేకలు విపరీతంగా పెరిగాయి. గొర్రె గడ్డి కొసను కొరుకుతుంది, మేక వేరు దాకా తవ్వుతుంది. కాపరికి ఇది తెలియక కాదు. బడి ఖర్చు, పెట్రోలు, మందులు, అన్నీ వసంతంలో దువ్వే ఆ బొచ్చు మీదే గడవాలి. మేకలు తగ్గించమని చెప్పేవాళ్లు గొర్రె ఉన్నికి, పాలకు ధర వచ్చే దారి కూడా చూపించాలి. ఒల్గీ నుంచి రాజధానికి 1,600 కిలోమీటర్లకు పైగా దూరం ఉన్నప్పుడు పాలు అమ్ముకోవడం మాటలు కాదు.

మంద పోయిన కుటుంబాలు ముందుగా ఒల్గీ అంచుల్లోని మట్టి ఇళ్లకు చేరుతున్నాయి. కొందరు అక్కడి నుంచి ఉలాన్‌బాతర్ పక్కనున్న నలైఖ్‌కు పోతారు. బొగ్గు గనుల కోసం వెనకటి తరం కజకులు వెళ్లి స్థిరపడిన ఊరది, చుట్టాలుంటారు. ఇంకొందరు కజకిస్థాన్ కాగితాలు పెట్టుకుంటారు. వాళ్లు వదిలిన ఖిస్తౌలు ఎవరివన్న ప్రశ్న ఇప్పుడు లోయల్లో కొత్త తగాదా అయింది. మంగోలియా రాజ్యాంగం ప్రకారం పచ్చిక బయలు ప్రైవేటు ఆస్తి కాదు, చలికాలపు నెలవును వాడుకునే హక్కు పత్రం మాత్రమే కుటుంబం పేరున ఉంటుంది. ఖాళీ అయిన ఖిస్తౌ చుట్టూ గడ్డిని పక్కవాళ్లు వేసవిలోనే మేపేస్తే, ఒక జుద్ తర్వాత తిరిగి వద్దామనుకున్న కుటుంబానికి వచ్చేందుకు చోటుండదు. తెగ పెద్దలు, సుమ్ అధికారులు కూర్చుని ఏ లోయలో ఎన్ని జీవాలు, ఏ నెలలో అని ఒప్పందాలు రాసుకునే పని కొన్నిచోట్ల మొదలైంది.